లస్ట్ అంటే ఒట్టి మోహినేనా? (ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ రెండు సిరీస్‌ల స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిపూట_అనిమే

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ (రసవాదం చేసే అన్నదమ్ములు ఎడ్, ఆల్‌ల జపనీస్ కథ) రెండో అనిమే సిరీస్ బ్రదర్‌హుడ్ 19వ ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకున్నాను. చూశాక అసలు నిద్ర పట్టలేదు. అందుకే ఈ థ్రెడ్.

అందులో విలన్లు ఏడు పాపాల పేర్లున్న హొమంక్యులస్‌లు, అంటే రసవాదంతో పుట్టిన కృత్రిమ మనుషులు. వాళ్ళలో లస్ట్ గురించి ఎక్కడ చూసినా ఒకటే మాట, "అందంతో మగాళ్ళని పడేసే విలన్" అని. నల్ల గౌను, మోచేతులు దాటిన నల్ల చేతితొడుగులు, గుండెల పైన తన తోకను తనే మింగుతున్న పాము పచ్చబొట్టు. ఫ్యాన్ ఆర్ట్ అంతా ఇదే. కానీ కథలో ఆమె చేసే పనులు ఒకసారి వరసగా గుర్తు తెచ్చుకోండి. బ్రదర్‌హుడ్‌లో ఆమె ప్రేమ నటించి వలలో వేసుకున్నది ఒక్క హావక్‌ని, నిప్పు రసవాది కల్నల్ మస్టాంగ్ కింద పనిచేసే సైనికుడిని. అది కూడా సొలారిస్ అని పేరు మార్చుకుని, మస్టాంగ్ దగ్గర ఏం జరుగుతోందో కూపీ లాగడానికి. మిగతా టైమంతా కాపలా కాయడం, నోరు విప్పేవాళ్ళని చంపడం, ఎడ్, ఆల్ చచ్చిపోకుండా చూసుకోవడం. ఒక పెద్ద ఆఫీసులో నమ్మకంగా పనిచేసే మనిషిలా ఉంటుంది.

పేరేమో కామం. మనిషిలో మాత్రం ఏ కోరికా కనపడదు. తిండి మీద తోటి హొమంక్యులస్ గ్లటనీకి ఉన్న ఆశ గానీ, మనుషుల మీద ఎన్వీకి ఉన్న కడుపుమంట గానీ ఆమెకి దేని మీదా లేదు. మనసులో నుంచి "నచ్చింది" అన్నట్టు మాట్లాడేది ఒక్కసారే, కాలి బూడిదయ్యే ముందు, తనని చంపిన మస్టాంగ్ కళ్ళ గురించి. నాకు ఆ చోటే గొంతు పట్టేస్తుంది. మీకెలా అనిపించింది?

కాకతీయ_కుర్రాడు

బ్రో, ఒక్క హావక్ అన్నది ఒప్పుకోను. వలలో వేయడమంటే ప్రేమ నటించడం ఒకటేనా? లియోర్ ఊళ్ళో కార్నెల్లో సంగతి చూడు. ఆ దొంగ ప్రవక్తకి ఉంగరంలో రాయి పెట్టి, నీకు రాజ్యం వస్తుందని ఆశ పుట్టించి, ఆడించారు. గుట్టు బయటపడ్డాక వాడు "నాకిస్తానన్నది ఏది?" అని గోల పెడితే, లస్ట్ ఒక్క గోరుతో తల గుచ్చేసింది. ముఖంలో కోపం కూడా లేదు. కూరగాయ తరిగినట్టు.

ఎదుటివాడికి ఏది కావాలో కనిపెట్టి దాన్ని కళ్ళ ముందు ఊపడం, అదీ ఆమె విద్య. హావక్‌కి గర్ల్‌ఫ్రెండ్ కావాలి కాబట్టి గర్ల్‌ఫ్రెండ్ అయింది. కార్నెల్లోకి పదవి కావాలి కాబట్టి పదవి చూపించింది. మన తెలుగులో కామం అంటే మొదట కోరికే కదా, ఏ కోరికైనా. ఆ లెక్కన పేరు సరిగ్గానే పెట్టారు.

సబ్‌టైటిల్_పిచ్చి

పేరు సంగతి వచ్చింది కాబట్టి నా వంతు. జపనీస్‌లో ఆమె పాపానికి షికియోకు అంటారు. అందులో మొదటి అక్షరానికి రంగు అని కూడా అర్థం, శృంగారం అని కూడా అర్థం. కానీ పాత్రని పిలిచేది ఇంగ్లిష్ మాటతోనే, "రసుతో" అని. ఇంగ్లిష్ "లాస్ట్", అంటే చివరిది, దాన్ని కూడా వాళ్ళు కతకానాలో అచ్చం అలాగే రాస్తారు. రచయిత్రి కావాలని చేశారని నేను అనను, ఆ లిపిలో రెండూ కలిసిపోతాయి అంతే. అయినా గ్లటనీ "రసుతో, రసుతో" అని పిలిచినప్పుడల్లా నాకు రెండు అర్థాలూ వినపడతాయి.

తెలుగులోకి డబ్ చేస్తే ఈ ఏడుగురి పేర్లు ఏం చేస్తారా అని చాలా రోజుల నుంచి ఆలోచిస్తున్నాను. క్రంచీరోల్‌లో కొన్ని సిరీస్‌లకి తెలుగు డబ్బింగ్ వస్తోంది కాబట్టి ఇది ఊహ మాత్రమే కాదు. మన అరిషడ్వర్గాలు ఆరు, వాళ్ళ పాపాలు ఏడు. కామం, క్రోధం, లోభం, మదం, మాత్సర్యం ఐదూ చక్కగా సరిపోతాయి. తిండిపోతుతనం, బద్ధకం మన లిస్టులో లేవు. మన దగ్గర మోహం మిగిలిపోతుంది, దానికి అక్కడ మనిషి లేడు. కాకతీయ గారి పోస్ట్ చదివాక అనిపిస్తోంది, లస్ట్ చేసే పనికి కామం కంటే మోహం దగ్గర. తనకి కోరిక ఉండటం కామం, ఎదుటివాడి కళ్ళు కప్పేయడం మోహం.

రసవాదం, పరుసవేది లాంటి మాటలు మనకి ముందే ఉన్నాయి. బంగారం చేసే విద్య కోసం వేమన తిరిగాడనే కథ వినని తెలుగువాళ్ళు ఉండరు. డబ్బింగ్ రాసేవాళ్ళు "ఫిలాసఫర్స్ స్టోన్" అని వదిలేయకుండా పరుసవేది అంటే ఎంత బాగుంటుందో.

హాస్టల్_రోజులు

ఇంతవరకూ ఎవరూ 2003 సిరీస్ ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

అనిమాక్స్ వచ్చే రోజుల్లో మా హాస్టల్ టీవీ రూంలో క్రికెట్ లేనప్పుడు మాత్రమే రిమోట్ మా చేతికొచ్చేది. నాకు తెలిసిన లస్ట్ ఆ లస్టే. అప్పటికి హిరోము అరకావా గారి మాంగా ఇంకా నడుస్తోంది. 2001లో మొదలై 2010లో అయిపోయింది, మొత్తం 27 సంపుటాలు. మధ్యలోనే అనిమే తీయాల్సి రావడంతో సెయిజీ మిజుషిమా టీం కథని సగం దగ్గర వేరే దారి పట్టించింది. ఆ దారి మళ్ళడంలో అన్నిటికంటే లాభపడింది లస్టే అని నా నమ్మకం.

అందులో హొమంక్యులస్ పుట్టేదే వేరుగా. బ్రదర్‌హుడ్‌లో ఫాదర్ అనే అసలు విలన్ తనలోంచి తీసి పారేసిన పాపాలు ఈ ఏడుగురు. 2003లో మాత్రం చచ్చిపోయిన మనిషిని రసవాదంతో బతికించబోయి విఫలమైతే మిగిలేది హొమంక్యులస్. స్కార్ అనే పాత్ర వాళ్ళ అన్నయ్య, చనిపోయిన తన ప్రియురాలిని వెనక్కి తెచ్చుకోబోతే వచ్చింది లస్ట్. అంటే ఆమె ముఖం ఆమెది కాదు. ఎవరో ప్రేమించిన ఒక ఇష్వాల్ ప్రాంతపు అమ్మాయి ముఖం. స్కార్ ఎదురుపడినప్పుడు వాడి చేయి ఆగిపోయేది అందుకే. ఆమెకి కూడా తనవి కాని జ్ఞాపకాలు అప్పుడప్పుడూ వస్తుంటాయి.

రాత్రిపూట గారూ, కోరిక లేని కామం అన్నారు కదా. 2003 లస్ట్‌కి కోరిక ఉంది. మనిషి కావాలి. అంతే. ఆ ఒక్కదాని కోసం ఆ సిరీస్ అసలు విలన్ దాంతే దగ్గర ఊడిగం చేస్తుంది, ఆ ఒక్కదాని కోసమే చివరికి దాంతేని వదిలి ఎడ్ వైపు వస్తుంది. 47వ ఎపిసోడ్‌లో రాత్ అనే హొమంక్యులస్ చేతిలో పోతుంది. కోరిక తీరకుండానే.

35వ ఎపిసోడ్‌లో లూజన్ అనే కుర్రాడు ఉంటాడు. ఊరి జనం రాళ్ళయిపోయే జబ్బుకి వైద్యం చేయడం అతనికి నేర్పింది లస్ట్. అతను ఆమెని నిజంగా ప్రేమించాడు. ప్రేమంటే ఏంటో ఆమెకి అర్థం కాదు, అర్థం కానిదాన్ని చంపేస్తుంది. చంపాక నిలబడిపోతుంది చూడండి, అదీ నటన అంటే. అది గీసిన బొమ్మ అని మర్చిపోయాను.

మంటల_కల్నల్

2003 లస్ట్ మంచి పాత్రే, కానీ విలన్‌గా బ్రదర్‌హుడ్ లస్ట్ ముందు నిలబడదు. విలన్‌ని చూస్తే భయం వేయాలి. మూడో లేబొరేటరీ నేలమాళిగలో ఆమె నడిచొస్తుంటే నాకు వేసింది.

పాలకొల్లు_పిల్ల

నాకు ఆ 19వ ఎపిసోడ్‌తో పేచీ ఉంది, చెప్పనివ్వండి.

మస్టాంగ్ ఆమెని ఒక్కసారి కాల్చడు. మళ్ళీ మళ్ళీ కాలుస్తాడు. ఆమె శరీరం తిరిగి పుట్టడం, మళ్ళీ కాలడం. మొదటిసారి చూసినప్పుడు ఇంటర్ చదువుతున్నాను, మా అన్నయ్య, వాడి ఫ్రెండ్స్ పక్కన కూర్చుని ఈలలు వేస్తున్నారు. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. అందంతో మాయ చేసే ఆడది, ఆమెని కాల్చి చంపే వీరుడు, ఇది మనకి కొత్త కథా? ముక్కు చెవులు కోయించుకున్న శూర్పణఖ నుంచి వింటూనే ఉన్నాం. హావక్‌ని మోసం చేసినందుకు లస్ట్‌కి శిక్ష పడింది అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. అంతకంటే ఘోరమైన పనులు చేసిన, దేశాన్నేలే హొమంక్యులస్ బ్రాడ్లీకి ఎంత హుందాగా చావు రాశారు!

మంటల_కల్నల్

అక్కా, ఆ సీన్‌లో మస్టాంగ్ కాల్చేది ఆడదాన్ని అని కాదు కదా. ఎన్నో ప్రాణాలతో చేసిన పరుసవేది ఆమె లోపల ఉంది, ఒక్కో ప్రాణం అయిపోయేదాకా ఆమె చావదు. ఇంకో దారి లేదు. పైగా అతనప్పటికే ఆమె పొడిచిన పోటుతో రక్తం ఓడుతున్నాడు. తన గాయాన్నీ, హావక్ గాయాన్నీ తనే నిప్పుతో కాల్చి మూసుకుని వచ్చాడు. చేతితొడుగు పనికిరాకపోతే చేతి వెనక చర్మం మీదే రసవాద వలయం చెక్కుకున్నాడు. నిప్పురవ్వ కోసం హావక్ లైటర్. ఈ సీన్‌లో కాలింది ఆమె ఒక్కతే కాదు.

పాలకొల్లు_పిల్ల

లైటర్ సంగతి నిజమే, నాకూ గుర్తుంది. మస్టాంగ్ తప్పు చేశాడని అనట్లేదు. ఆ సీన్‌ని ఎంత ఇష్టంగా చూస్తున్నామన్నదే నా ప్రశ్న.

మీనాక్షి_పెన్సిల్

బొమ్మలు వేసుకునే మనిషిగా ఒక మాట. ఈ కథ రాసింది, గీసింది ఒక ఆడమనిషి. హొక్కైదోలో పాడి పశువుల ఇంట్లో పుట్టి పెరిగి, తన బొమ్మ వేయాల్సి వస్తే ఆవు బొమ్మ వేసుకునే రచయిత్రి. ఆమె కథలో ఆలివియర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉంది, ఇజుమి ఉంది, రైజా ఉంది, విన్రీ ఉంది. కాబట్టి లస్ట్ ఒక్కతే "ఆడదంటే ఇంతే" అని నిలబడదు. పాలకొల్లు గారి కోపం నాకు అర్థమైంది, కానీ ఆ కోపం ఆ సీన్‌ని చూసేవాళ్ళ మీద పెట్టుకోవాలి, గీసినావిడ మీద కాదు.

ఇక బొమ్మ సంగతి. లస్ట్‌ని గీసేవాళ్ళు అందరూ నడుము మీద కష్టపడతారు. నేను కాపీ చేసి చేసి తెలుసుకున్నది ఏంటంటే ఆమె బొమ్మ అంతా వేళ్ళలో ఉంది. చేతితొడుగు చివర్లు ఈటెల్లా సాగుతాయి, పేరే "అన్నిటినీ చీల్చే ఈటె". ఇంకో హొమంక్యులస్ గ్రీడ్‌ది డాలు, ఆమెది ఈటె. ఆ ఈటెలు వంకర పోవు. పాయింట్ నుంచి పాయింట్‌కి స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా పోతాయి. పై శరీరంలో ఎక్కడా సరళరేఖ లేదు, జుట్టు కూడా అలలే. కదలిక వచ్చేసరికి మాత్రం ఒక్క వంకర ఉండదు. దెబ్బ వేసేటప్పుడు భుజం కూడా ఊపదు. కత్తి దూసేవాడు ఊపిరి బిగబడతాడు, ఆమె బిగబట్టదు. పొడిచాక అవతలివాడు పడిపోతున్నా ముఖం పక్కకి తిప్పుకుని ఉంటుంది. నాకు ఆమె ఆకర్షణ అంతా ఆ తొందర లేకపోవడంలోనే కనిపిస్తుంది.

డల్లాస్_మావయ్య

మీనాక్షి గారూ, ఆ తొందర లేకపోవడం గొంతులో కూడా ఉంది. బ్రదర్‌హుడ్ జపనీస్‌లో లస్ట్‌కి గొంతు ఇచ్చింది కికుకో ఇనోఉఎ. ఆవిడ పేరు చెబితే పాత అనిమే చూసినవాళ్ళకి బెల్‌డాండీ గుర్తొస్తుంది, ఆ మెత్తటి దేవత గొంతు. రాన్మాలో కసుమి కూడా ఆవిడే, ఇంట్లో ఎంత గొడవ జరిగినా చిరునవ్వుతో వంట చేసే అక్క. అలాంటి గొంతుని తెచ్చి లస్ట్‌కి పెట్టారు. ఆమె బెదిరించదు. అన్నం తిన్నావా అని అడిగే స్వరంతోనే చంపుతానంటుంది. 2003లో యూకో సాతో చేశారు, ఆ గొంతులో అలసట ఎక్కువ. ఆ కథకి అదే కావాలి. ఇంగ్లిష్‌లో రెండిటికీ లారా బెయిలీ ఒక్కరే.

మా అమ్మాయి ఇంగ్లిష్ డబ్బే చూస్తుంది, నేను జపనీసే. ఇద్దరం ఒకే ఎపిసోడ్ చూసి రెండు వేరే లస్ట్‌ల గురించి మాట్లాడుకుంటాం.

గోదారిగట్టు

ఈ థ్రెడ్ టైటిల్‌లో మోహిని అని ఉంది కాబట్టి ఆగలేకపోయాను. మోహిని భస్మాసురుడి కథ గుర్తు తెచ్చుకోండి. అందంతో ఆడించి, వాడి చేయి వాడి నెత్తి మీదే పెట్టించి బూడిద చేస్తుంది. ఇక్కడ అది పూర్తిగా తిరగబడింది. బూడిదయ్యేది మోహిని. చేతిలో నిప్పున్నవాడు నిలబడ్డాడు. మన కథలో మోహినిది దేవతల పక్షం కాబట్టి ఆమె మోసాన్ని మనం మోసం అనలేదు. లస్ట్ అవతలి పక్షం కాబట్టి అంటున్నాం.

కానీ నాకు ఆమెని చూస్తే మోహిని కంటే మేనక ఎక్కువ గుర్తొస్తుంది. మేనక తనంతట తను విశ్వామిత్రుడి దగ్గరికి పోలేదు. ఇంద్రుడు పంపితే పోయింది. తపస్సు చెడగొట్టడం ఆమె ఉద్యోగం. ఫాదర్ పంపితే లస్ట్ హావక్ దగ్గరికి పోయినట్టే. బ్రదర్‌హుడ్ లస్ట్ ఆ ఉద్యోగంలోనే చచ్చిపోయిన మేనక. హాస్టల్ గారు చెప్పిన 2003 లస్ట్, పని మీద వచ్చి మనుషుల మధ్య మనసు చెదిరిన మేనక. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఎవరు గొప్ప అని అడిగితే చెప్పలేను.

హాస్టల్_రోజులు

గోదారి గారూ, ఇరవై ఏళ్ళుగా నాకు మాట దొరకని విషయం మీరు చెప్పేశారు. మేనక! సరిగ్గా అదే.

కొత్తగా_చేరాను

బ్రదర్‌హుడ్‌లో మొదట చచ్చిపోయిన హొమంక్యులస్ లస్టే కదా? ఆడ విలన్‌ని ముందే తీసేశారని నాకూ బాధ వేసింది.

సబ్‌టైటిల్_పిచ్చి

కాదండీ, ముందు పోయింది గ్రీడ్. ఫాదర్ అతన్ని కరిగించి తనలో కలిపేసుకుంటాడు, 14వ ఎపిసోడ్. తర్వాత లింగ్ అనే కుర్రాడి ఒంట్లో మళ్ళీ వస్తాడు కాబట్టి చాలామంది లెక్కలో తప్పిపోతాడు. తిరిగి రాకుండా పోయినవాళ్ళలో మాత్రం లస్టే మొదటిది. 64 ఎపిసోడ్లలో 19 దగ్గరే వెళ్ళిపోయింది. అయినా థ్రెడ్ అంతా ఆమె గురించే.

కాకతీయ_కుర్రాడు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాత్రిపూట బ్రో మొదటి పోస్ట్‌లో కళ్ళ గురించి అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

చివరి దాడిలో ఆమె గోరు మస్టాంగ్ ముఖం ముందు, దాదాపు తగిలేంత దగ్గర ఆగిపోతుంది. అప్పటికే కాళ్ళ వైపు నుంచి పొడి అయిపోతోంది. తిట్టదు, ఏడవదు. ఓడిపోయానని ఒప్పుకుంటుంది. తడబాటు లేని నీ సూటి చూపు నాకు నచ్చింది అంటుంది. ఆ కళ్ళు బాధతో మెలితిరిగే రోజు కోసం ఎదురుచూస్తాను, అది ఎంతో దూరం లేదు అంటుంది. (నా మాటల్లో చెబుతున్నాను.)

ఇప్పుడు ముందుకి పోండి. 54వ ఎపిసోడ్‌లో తన ప్రాణ స్నేహితుడు హ్యూస్‌ని చంపింది ఎన్వీ అని తెలిశాక మస్టాంగ్ కళ్ళు చూడండి. లస్ట్‌ని కాల్చినప్పటి కళ్ళు కావు అవి. ఎన్వీ కళ్ళనే గురి పెట్టి కాలుస్తాడు, పగతో. అతని సహాయకురాలు రైజా వెనక నుంచి తుపాకి గురిపెట్టి ఆపాల్సి వస్తుంది. ఆ తర్వాత కొంతసేపటికే అతన్ని బలవంతంగా, రసవాదులు ఒంట్లో ఏదో ఒకటి మూల్యంగా పోగొట్టుకునే సత్యద్వారంలోకి తోస్తారు, చూపే పోతుంది. ఆమె నచ్చిందన్న ఆ కళ్ళే పోయాయి. శాపం పెట్టి పోయిందని కొందరంటారు. నేనలా అనుకోను. ఆమె మనుషుల్ని అంత బాగా చదివింది. ఎవరికేం కావాలో కనిపెట్టడం ఆమె విద్య అని ముందే రాశాను కదా, ఎవరు ఎక్కడ విరుగుతారో కూడా కనిపెట్టింది.

రాత్రిపూట_అనిమే

కాకతీయా, నా చేత రాత్రి మళ్ళీ 54 పెట్టించావు. రెండూ పక్కపక్కన చూశాను. లస్ట్‌ని కాల్చేటప్పుడు మస్టాంగ్ కనుపాప కదలదు, లైటర్ పట్టిన చేయి మాత్రం వణుకుతూ ఉంటుంది. ఎన్వీ దగ్గర చేయి స్థిరంగా ఉంది, ముఖం చెదిరిపోయింది. మొదటి పోస్ట్‌లో ఆమెకి ఏ కోరికా లేదని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు చూడాలని ఉందన్నది కోరికే.

వీల్_చెయిర్_అన్న_తమ్ముడు

చాలాసేపు రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను. మా అన్నకి బైక్ యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. ఆ ఏడాదే మేమిద్దరం బ్రదర్‌హుడ్ చూశాం, ఏం జరగబోతోందో తెలియకుండా.

లస్ట్ పొడిచాక హావక్ కాళ్ళు పనిచేయవు. ఆస్పత్రి మంచం మీద పడుకుని, నన్ను వదిలేసి నువ్వు ముందుకి పో అని మస్టాంగ్ మీద అరుస్తాడు. అన్న ఆ సీన్‌కి రిమోట్ తీసుకుని పాజ్ చేశాడు. ఐదు నిమిషాలు ఏం మాట్లాడలేదు. మళ్ళీ ప్లే నొక్కింది కూడా వాడే. తర్వాత కథలో హావక్ వీల్‌చెయిర్‌లో ఉండే, వాళ్ళింటి కొట్టు నుంచి మస్టాంగ్ వాళ్ళకి ఆయుధాలు అందించినప్పుడు మా అన్న చప్పట్లు కొట్టాడు.

లస్ట్ మీద కోపం వచ్చిందా అని తర్వాతెప్పుడో అడిగాను. "సొలారిస్ మీద వచ్చింది" అన్నాడు. ఈటెతో పొడిచినదాని మీద కాదు, పక్కన కూర్చుని నవ్వినదాని మీద. ఇక్కడ ఇంతమంది ఆమె గొంతు గురించి, చేతుల గురించి అంత బాగా రాశారు, నాకూ ఆమె నచ్చుతుంది. అయినా హావక్ సొలారిస్‌తో ఎంత సంతోషంగా ఉన్నాడో ఎవరూ రాయలేదు. అది కూడా ఈ లెక్కలో ఉండాలి.

పాలకొల్లు_పిల్ల

మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యకి నా నమస్కారం చెప్పండి.

నేను 19 మళ్ళీ చూశాను, ఈసారి ఒంటరిగా, ఈలలు వేసేవాళ్ళు లేకుండా. కాల్చే సీన్ ఇప్పటికీ నాకు కష్టమే, అది మారలేదు. కానీ అప్పట్లో లేచి వెళ్ళిపోయి తర్వాతి ఎపిసోడ్లు సరిగ్గా చూడలేదు, అవి ఇప్పుడు చూశాను. ఆమె పోయిందని గ్లటనీ ఎంత ఏడుస్తాడు! "లస్ట్, లస్ట్" అని, అమ్మ కనపడని పిల్లాడిలా. ఇంతకు ముందు ఏది కనిపించినా "లస్ట్, ఇది తినొచ్చా?" అని ఆమెనే అడిగేవాడు. ఆమె సరే అంటే తినేవాడు, వద్దంటే ఆగేవాడు. తర్వాత మస్టాంగ్ పేరు చెవిన పడగానే వాడి పొట్ట నిలువునా తెరుచుకుంటుంది, పక్కటెముకలు పళ్ళలా బయటికి వస్తాయి. అప్పుడు తినొచ్చా అని ఎవరినీ అడగడు.